దమ్ముకు మార్కులు: ఉబ్బసం ప్రశ్నపత్రాలు ఏం కొలుస్తాయి, ఏం కొలవలేవు

ఏటా మే నెల మొదటి మంగళవారం ప్రపంచ ఆస్తమా దినం. ఆ రోజుల్లో పెట్టే ఉచిత క్యాంపుల్లోనో, ఛాతీ డాక్టరు గది బయటో దమ్ము, అంటే ఉబ్బసం (ఆస్తమా) ఉన్నవాళ్ల చేతికి ఒక కాగితం ఇస్తుంటారు. ఐదు ప్రశ్నలు, ఒక్కోదానికి ఐదు జవాబులు. టిక్కులు పెట్టి కూడితే ఒక అంకె వస్తుంది. 20 గానీ ఆపైన గానీ వస్తే కంట్రోల్‌లో ఉన్నట్టు, తక్కువ వస్తే లేనట్టు.

తికమక ఇక్కడే మొదలవుతుంది. 22 వచ్చినాయన ‘తగ్గిపోయింది’ అనుకుని మందు పీల్చే పంపును (ఇన్‌హేలర్‌ను) పక్కన పడేస్తాడు. 17 వచ్చినామె ‘పోయినసారి 18 ఉండె, ముదిరిందా ఏంది’ అని టెన్షన్ పడుతుంది. ఇద్దరూ ఆ అంకెను షుగర్ రిపోర్టు చూసినట్టే చూస్తున్నారు. షుగర్ అంకె రక్తంలోంచి వస్తుంది. ఈ అంకె మాత్రం మనిషి జ్ఞాపకంలోంచి వస్తుంది.

దీన్ని చిన్న విషయంగా వదిలేయడానికి లేదు. ప్రపంచ దేశాల్లో జబ్బుల భారాన్ని లెక్కగట్టే గ్లోబల్ బర్డెన్ ఆఫ్ డిసీజ్ 2019 అంచనాల ప్రకారం మన దేశంలో దాదాపు 3.4 కోట్ల మందికి ఉబ్బసం ఉంది. ప్రపంచంలోని ఉబ్బసం రోగుల్లో ఇది సుమారు 13 శాతం. ఉబ్బసంతో జరిగే మరణాల్లో మాత్రం మన వాటా 40 శాతం పైమాటే. మందులు ఉన్న జబ్బుకు ఇంత తేడా రావడానికి కారణాలు చాలా ఉన్నాయి. ‘బాగానే ఉంది’ అనుకుని ఊరుకోవడం అందులో ఒకటి.

కంట్రోల్ వేరు, తీవ్రత వేరు

ఉబ్బసంలో ఊపిరి గొట్టాల లోపలి పొర వాచి ఉంటుంది. దుమ్మో, చలిగాలో, జలుబో తగిలితే గొట్టాల చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుంటాయి. గాలి పోయే దారి ఇరుకై ఆయాసం, పిల్లికూతలు, దగ్గు, ఛాతీ పట్టేసినట్టు ఉండడం మొదలవుతాయి. కాసేపటికో, మందు పీల్చాకో దారి తెరుచుకుంటుంది. ఇలా పెరగడం, తగ్గడం ఈ జబ్బు స్వభావం. అందుకే ఒక రోజు చేసిన పరీక్షతో నెల రోజుల పరిస్థితి చెప్పడం కష్టం, రోగినే అడగాల్సి వస్తుంది.

కంట్రోల్ అంటే ఇప్పుడు వాడుతున్న మందుతో లక్షణాలు ఎంతవరకు అదుపులో ఉన్నాయన్నది. తీవ్రత అంటే ఆ అదుపు కోసం ఎంత మందు అవసరమవుతోందన్నది. తక్కువ మోతాదు పంపుతో హాయిగా ఉండగలిగిన మనిషి పంపు కొనకపోతే రాత్రంతా కూర్చునే తెల్లవారుస్తాడు. అతనిది తేలికపాటి ఉబ్బసమే, అదుపు మాత్రం బొత్తిగా లేదు. పెద్ద మోతాదులు, ఇంజెక్షన్లతో బాగున్న మనిషిది తీవ్రమైన ఉబ్బసం, కానీ అదుపులో ఉంది. ప్రశ్నపత్రం అడిగేది మొదటి సంగతే. 14 వచ్చినంత మాత్రాన జబ్బు పెద్దదని అర్థం కాదు.

ఐదు ప్రశ్నలు, 25 మార్కులు

ఎక్కువగా కనిపించే కాగితం ఆస్తమా కంట్రోల్ టెస్ట్, ఏసీటీ. అమెరికాలో 2004లో వచ్చింది. 471 మంది రోగులను 22 ప్రశ్నలు అడిగి, వాళ్లను స్పెషలిస్టు డాక్టర్లతో పరీక్ష చేయించి, డాక్టరు అంచనాకు దగ్గరగా తీసుకెళ్లే ఐదు ప్రశ్నలను మిగిల్చారు. అన్నీ గడిచిన నాలుగు వారాల గురించే: దమ్ము వల్ల పనికి ఎంత అడ్డం వచ్చింది, ఆయాసం ఎన్నిసార్లు వచ్చింది, రాత్రి నిద్రలోంచి ఎన్నిసార్లు లేపింది, వెంటనే ఉపశమనమిచ్చే పంపుగానీ నెబులైజర్‌గానీ ఎన్నిసార్లు వాడారు, మొత్తమ్మీద అదుపు ఎట్లా ఉందనుకుంటున్నారు. ప్రతి జవాబుకు 1 నుంచి 5 మార్కులు. కనిష్ఠం 5, గరిష్ఠం 25. 20 నుంచి 25 అయితే అదుపు బాగున్నట్టు, 16 నుంచి 19 అయితే సరిగా లేనట్టు, 15 గానీ అంతకన్నా తక్కువ గానీ అయితే అసలే లేనట్టు.

ఆ మొదటి పరిశోధనలోనే స్కోరు చెప్పిందీ స్పెషలిస్టు చెప్పిందీ కలిసింది 71 నుంచి 78 శాతం మందిలోనే, అదీ గీత ఎక్కడ గీశామన్న దాన్ని బట్టి. అంటే నలుగురిలో ఒకరి విషయంలో కాగితానికీ డాక్టరుకూ పొత్తు కుదరలేదు. ఐదు ప్రశ్నలకు ఇది తక్కువేమీ కాదు. కానీ 19కీ 20కీ మధ్య గోడ ఉన్నట్టు మాట్లాడేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఒకే మనిషి స్కోరు 3 పాయింట్లు మారితేనే నిజమైన మార్పుగా లెక్క. 18 నుంచి 17కు దిగితే భయపడే పని లేదు, 19 నుంచి 20కి ఎక్కితే పండగ చేసుకునే పనీ లేదు.

మిర్యాలగూడ హమాలీకి 21 ఎలా వచ్చింది

ఇది ఊహించి రాసిన ఉదాహరణ, కానీ ఇలాంటి మనుషులు ఈ ప్రాంతంలో కొల్లలు. మిర్యాలగూడ రైస్ మిల్లులో పనిచేసే 42 ఏళ్ల హమాలీ. ఆసుపత్రిలో లైన్లో నిలబడి ఉండగా సిస్టర్ గబగబా అడిగింది. పని ఆగిందా? ‘ఏం ఆగలే, రోజూ పోతున్న’: 5. ఆయాసం? ‘వారానికి ఒకటి రెండు సార్లు’: 4. రాత్రి లేచారా? ‘వారానికోసారి’: 3. పంపు వాడారా? ‘లేదు మేడం’: 5. మొత్తం ఎట్లా ఉంది? ‘మంచిగనే ఉన్న’: 4. కూడితే 21. అదుపులో ఉంది, తర్వాతి పేషెంట్‌ను పిలువు.

అదే మనిషిని కూర్చోబెట్టి తాపీగా అడిగితే వేరే కథ బయటపడుతుంది. పనికి రోజూ పోతున్న మాట నిజమే. కానీ ఆర్నెల్ల కింద బస్తాలు మోయడం మానేసి మూతులు కుట్టే పనికి మారాడు, కూలి తగ్గింది. అది అతని లెక్కలో దమ్ము వల్ల వచ్చిన నష్టం కాదు, వయసు. ఇప్పుడు మొదటి ప్రశ్నకు 3. తవుడు దుమ్ము లేచినప్పుడల్లా ‘జర గస వస్తది’, దాన్ని ఆయాసంగా లెక్కపెట్టలేదు. రెండో ప్రశ్నకు 3. రాత్రి దగ్గుతో లేచి నీళ్లు తాగి పడుకోవడం వారానికి రెండు మూడు సార్లు ఉంది, దగ్గే కదా అని చెప్పలేదు. మూడోదానికి 2. అయిదో ప్రశ్నకు ఈసారి తనే తగ్గించుకుని 3 అన్నాడు.

నాలుగో ప్రశ్న దగ్గర చిక్కు వస్తుంది. అతని దగ్గర పంపే లేదు. ఆర్‌ఎంపీ ఇచ్చిన దమ్ము మాత్ర రోజూ రాత్రి వేసుకుంటాడు, మరీ ఎక్కువైతే సూది వేయించుకుంటాడు. ఫారం అడిగింది పంపు, నెబులైజర్ గురించే కాబట్టి అక్షరాలా చూస్తే జవాబు ‘లేదు’, 5 మార్కులు. అప్పుడు మొత్తం 16. రోజూ వేసుకునే మాత్రను పంపుతో సమానంగా చూసి 2 వేస్తే మొత్తం 13. అంత లెక్క కట్టమని ఫారంలో ఎక్కడా లేదు, అది డాక్టరు తన తెలివితో చేయాల్సిన పని. మనిషి అదే, నాలుగు వారాలూ అవే. స్కోరు 21 కావచ్చు, 16 కావచ్చు, 13 కావచ్చు.

ఇంతకన్నా సున్నితమైన అడ్డంకి పక్కన నిలబడ్డ మనిషి. కొత్తగా పెళ్లయిన అమ్మాయి అత్తగారి ముందు పంపు గురించి చెప్పదు. పిల్లకు దమ్ము ఉందని తెలిస్తే సంబంధాలు రావని పంపును బీరువాలో చీరల కింద దాచే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఆ ఇళ్లలో నాలుగో ప్రశ్నకు ఎప్పుడూ పూర్తి మార్కులే వస్తాయి. నా మటుకు నాకు, ఏ ఫారం వాడారన్న దానికన్నా ఎవరి ఎదుట, ఎంత ఓపికగా అడిగారన్నదే ఎక్కువ తేడా తెస్తుందనిపిస్తుంది.

ఒకే మనిషి, వేరే ఫారాలు

ఆస్తమా కంట్రోల్ క్వశ్చనేర్, ఏసీక్యూ, 1999 నుంచి ఉంది. ఇది గడిచిన ఒక్క వారాన్నే అడుగుతుంది. లక్షణాల మీద అయిదు ప్రశ్నలు, పంపు వాడకం మీద ఒకటి, ఏడోది ఊపిరి పరీక్షలో వచ్చే కొలత, దాన్ని సిబ్బంది నింపుతారు. ఒక్కోదానికి 0 నుంచి 6. కూడి సగటు తీస్తారు. ఇక్కడ అంకె తగ్గితే మంచిది: 0.75 వరకు బాగున్నట్టు, 1.5 దాటితే అదుపు లేనట్టు, మధ్యలో ఉన్నవాళ్లు ఎటూ తేలనివాళ్లు. మన హమాలీ తాపీగా చెప్పిన జవాబులకు అయిదు లక్షణాల ప్రశ్నల్లో 2, 3, 2, 3, 2 వచ్చాయనుకుందాం. మొత్తం 12, సగటు 2.4. అదుపు లేదు. ఏసీటీలో ఎక్కువ అంకె మంచిది, ఏసీక్యూలో తక్కువ అంకె మంచిది. రెండు ఆసుపత్రుల కాగితాలు పక్కపక్కన పెట్టుకుని కంగారుపడేవాళ్లకు ఈ ఒక్క సంగతి తెలిస్తే సగం చిక్కు వీడిపోతుంది.

మూడోది జీనా పద్ధతి. గ్లోబల్ ఇనీషియేటివ్ ఫర్ ఆస్తమా అనే అంతర్జాతీయ వేదిక 1993 నుంచి ఉబ్బసం వైద్యానికి దారి చూపుతోంది. వాళ్లవి నాలుగే ప్రశ్నలు, అవును-కాదు జవాబులు. నాలుగు వారాల్లో పగటి లక్షణాలు వారానికి రెండుసార్లు మించాయా? రాత్రి ఎప్పుడైనా నిద్ర లేపిందా? ఉపశమనపు పంపు వారానికి రెండుసార్లు మించి కావాల్సి వచ్చిందా? ఏ పనైనా తగ్గించుకున్నారా? ఒక్క ‘అవును’ కూడా లేకపోతే అదుపు బాగున్నట్టు, ఒకటి రెండు ఉంటే కొంతవరకు, మూడు నాలుగు ఉంటే లేనట్టు. మాత్రను కూడా లెక్కలోకి తీసుకుంటే మన హమాలీకి నాలుగూ అవునే.

ఏసీటీ, ఏసీక్యూలకు కాపీరైటు ఉంది, వాడాలంటే అనుమతి తీసుకోవాలి. జీనా ప్రశ్నలు నోటితో అడిగేయొచ్చు, కూడికలు లేవు, చదువు రానివాళ్లకూ కుదురుతాయి. పల్లె దవాఖానాలో ఏఎన్‌ఎం అడగడానికి ఇవే నయం. కానీ అవును-కాదులో చిన్న మార్పులు కనిపించవు. నెలకొకసారి రాత్రి లేచే మనిషీ, రోజూ లేచే మనిషీ అక్కడ ఒకటే. మందు మార్చాక ఎంత మెరుగయ్యారో చూడాలంటే మార్కులున్న ఫారమే పనికొస్తుంది.

మందు మారింది, ప్రశ్న మారలేదు

2019లో జీనా పెద్ద మార్పు చేసింది. సాల్బుటమాల్ లాంటి ఉపశమనపు పంపును ఒంటరిగా, వాపు తగ్గించే స్టెరాయిడ్ పంపు లేకుండా వాడొద్దని చెప్పింది. కొందరికి ఇప్పుడు వాపు తగ్గించే బ్యుడెసొనైడ్, గొట్టాలు తెరిచే ఫార్మోటెరాల్ కలిసిన ఒకే పంపును రోజూ వాడడానికీ, ఆయాసం వచ్చినప్పుడు పీల్చడానికీ రాస్తున్నారు. అలాంటివాళ్లు ‘ఉపశమనం కోసం ఎన్నిసార్లు వాడారు’ అన్న ప్రశ్న దగ్గర ఆగిపోతారు. అదనంగా పీల్చిన ప్రతిసారీ వాపు తగ్గించే మందు కూడా లోపలికి పోతుంది కాబట్టి, వారానికి రెండుసార్లు అనే గీత ఈ పంపుకు వర్తించదని జీనాయే అంటోంది. 2004 నాటి ఏసీటీకి ఈ పద్ధతి ఊహలో కూడా లేదు. ఈ పంపు వాడే మనిషికి నాలుగో ప్రశ్నలో 3 వచ్చిందంటే, సాల్బుటమాల్ వాడే మనిషికి వచ్చిన 3 లాంటిది కాదు.

ఇవాళ బాగుంది, మరి రేపు?

ఇంకో ఊహా ఉదాహరణ. మహబూబ్‌నగర్‌లో డిగ్రీ చదివే అమ్మాయి. జులైలో ఏసీటీ 24. పోయిన డిసెంబరులో మాత్రం 108లో తీసుకెళ్లి రెండు రోజులు ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చింది. రోజువారీ పంపు మార్చిలోనే మానేసింది. ఈ సంగతుల్లో ఒక్కటీ 24 అనే అంకెలో లేదు, ఎందుకంటే ఏసీటీ నాలుగు వారాల వెనక్కి చూడదు.

అందుకే జీనా ఉబ్బసాన్ని రెండు భాగాలుగా చూడమంటుంది: ఇప్పటి లక్షణాలు, ముందు రాబోయే ప్రమాదం. గడిచిన 12 నెలల్లో పెద్ద దమ్ము ఎటాక్ రావడం, ఎప్పుడైనా ఐసీయూలో చేరి ఉండడం, స్టెరాయిడ్ పంపు వాడకపోవడం, ఊపిరితిత్తుల శక్తి తగ్గి ఉండడం, పొగతాగడం లాంటివి ప్రమాదాన్ని పెంచుతాయి. ఉపశమనపు పంపులు ఏడాదికి మూడు గానీ ఎక్కువ గానీ ఖాళీ అయితే ఎటాక్ ప్రమాదం, పన్నెండు దాకా పోతే ప్రాణాపాయం పెరుగుతాయి. బ్రిటన్‌లో ఉబ్బసం మరణాల మీద 2014లో వచ్చిన జాతీయ సమీక్ష దీన్ని కళ్లకు కట్టింది. ఉపశమనపు పంపుల లెక్క దొరికిన 165 మందిలో 65 మందికి చనిపోవడానికి ముందు ఏడాదిలో పన్నెండుకు మించి పంపులు రాసి ఉన్నాయి. మెడికల్ షాపు బిల్లులు చూసినా తెలిసిపోయే విషయం అది.

ఈ లోటు తీర్చడానికి ఎయిర్‌క్యూ అనే పది ప్రశ్నల ఫారం 2020లో వచ్చింది. ఏడు ప్రశ్నలు లక్షణాల గురించి, మూడు గడిచిన ఏడాది ఎటాక్‌ల గురించి.

మన దగ్గర నాలుగు వారాల గడువుతో ఇంకో ఇబ్బంది ఉంది. పత్తి ఏరే రోజుల్లో, వరికోతల దుమ్ములో ఉన్న ఊపిరి వానాకాలం మొదట్లో ఉండదు. ఇటుక బట్టీకి వలసపోయి పండక్కి ఊరికొచ్చిన పాలమూరు కూలీని అడిగితే, ఆ నాలుగు వారాల్లో సగం బట్టీ పొగది, సగం ఊరి గాలిది. స్కోరును పోయిన నెలతో పోల్చడం కన్నా పోయిన ఏడాది ఇదే నెలతో పోల్చడం ఇలాంటివాళ్లకు నయం.

మనిషి మాట, ఊపిరి మాట

వైద్యుల్లో ఇక్కడ రెండు వాదనలు ఉన్నాయి. బాధపడేది రోగి కాబట్టి రోగి మాటే కొలమానం, నిద్ర పట్టిందా, పని చేసుకోగలిగాడా అన్నదే వైద్యం లక్ష్యం అని ఒక వాదన. గొట్టాలు ఎంత ఇరుకయ్యాయో యంత్రంతో కొలవకుండా మాట మీద మందు రాయడం గుడ్డిగా నడవడమేనని ఇంకో వాదన.

రెండో వాదనకు బలమిచ్చే సాక్ష్యం పాతదే. 1976లో ఆస్ట్రేలియాలో 82 మంది రోగుల మీద జరిగిన పరిశోధనలో, ఊపిరి శక్తి సగానికి పడిపోయినా దాదాపు 15 శాతం మందికి ఆ తేడా తెలియలేదు. ఏళ్ల తరబడి ఇరుకు గొట్టాలతో బతికిన శరీరం దానికే అలవాటు పడుతుంది. ఇలాంటివాళ్ల స్కోరు 22 ఉంటుంది, మొదటి హెచ్చరిక నేరుగా ఎమర్జెన్సీ వార్డులో వస్తుంది.

2011లో అమెరికాలో ఇంకో ప్రయోగం జరిగింది. ఉబ్బసం రోగులకు వేర్వేరు రోజుల్లో అసలు సాల్బుటమాల్ పంపు, మందు లేని ఉత్తుత్తి పంపు, ఉత్తుత్తి ఆక్యుపంక్చర్ ఇచ్చారు, ఒక రోజు ఏమీ ఇవ్వలేదు. యంత్రం కొలిచిన ఊపిరి శక్తి అసలు పంపుతో 20 శాతం పెరిగింది, మిగతా మూడింటిలో 7 శాతం మాత్రమే. ఎంత నయమనిపించిందని అడిగితే అసలు పంపుకు 50 శాతం, ఉత్తుత్తి పంపుకు 45, ఉత్తుత్తి ఆక్యుపంక్చర్‌కు 46, ఏమీ ఇవ్వని రోజుకు 21 శాతం వచ్చింది. ఊపిరి గొట్టాలు మందును, ఉత్తుత్తి వైద్యాన్ని వేరు చేశాయి, మనసు చేయలేకపోయింది.

మృగశిర కార్తె నాడు హైదరాబాద్‌లో ఇచ్చే చేప ప్రసాదం గురించి ఏటా జరిగే వాదులాటను ఈ వెలుగులో చూడొచ్చు. మింగి వచ్చినవాళ్లు హాయిగా ఉందని చెప్పే మాట అబద్ధం కాదు, వాళ్లకు నిజంగానే అలా అనిపించి ఉండొచ్చు. కానీ అది జూన్ నెల. తొలకరితో దుమ్ము అణిగే కాలం. పైగా దమ్ము బాగా ఎక్కువైనప్పుడే మనిషి కొత్త వైద్యం వెతుక్కుంటాడు, ఎక్కువైన దమ్ము ఎలాగూ కొంత దిగుతుంది. ముందు 12, తర్వాత 18 అని రెండు స్కోర్లు చూపించినా దేనివల్ల పెరిగిందో తేలదు. ప్రసాదం తీసుకోని అలాంటి మనుషులనే పక్కన పెట్టి, అదే రోజుల్లో, అదే ఫారంతో చూస్తే తప్ప. కార్పొరేట్ ఆసుపత్రి రాసే ఖరీదైన కొత్త పంపుకూ ఇదే నియమం వర్తిస్తుంది.

అలాగని యంత్రమే చివరి మాట కాదు. స్పైరోమెట్రీ, అంటే యంత్రంలోకి ఊదించి ఊపిరి శక్తి కొలిచే పరీక్ష, చేసిన ఉదయం గొట్టాలు తెరుచుకుని ఉండి, ఆ రాత్రే మూసుకుపోవచ్చు. మండలాల్లో ఆ యంత్రం దొరకడమూ కష్టం. ఊదిన గాలి ఎంత వేగంగా బయటికొస్తుందో చూపే, కొన్ని వందల రూపాయలకు దొరికే పీక్ ఫ్లో మీటర్‌లో ఇంట్లో పొద్దునా సాయంత్రం ఊది రాసుకుంటే, మాటకూ ఊపిరికీ మధ్య ఎంత దూరం ఉందో కొంత తెలుస్తుంది.

గురుకులంలో పిల్లవాడి రాత్రి ఎవరికి తెలుసు

4 నుంచి 11 ఏళ్ల పిల్లలకు వేరే ఏసీటీ ఉంది. నాలుగు ప్రశ్నలకు పిల్లలే నవ్వు మొహం, ఏడుపు మొహం బొమ్మల్లో ఒకటి ఎంచుకుని జవాబిస్తారు. మూడింటికి తల్లిదండ్రులు చెబుతారు. మొత్తం 27. 19 గానీ తక్కువ గానీ అయితే అదుపు లేనట్టు.

తల్లిదండ్రుల ప్రశ్నల్లో ఒకటి పిల్లవాడు రాత్రి ఎన్ని రోజులు లేచాడన్నది. అయిదో తరగతి నుంచే గురుకులంలో ఉండే పిల్లవాడి తల్లికి అది తెలిసే దారేది? పక్క మంచం పిల్లవాడికి తెలుసు, వార్డెన్‌కు తెలిస్తే తెలుసు. దసరా సెలవులకు ఇంటికి వచ్చిన పదిరోజులు చూసి తల్లి పెట్టే టిక్కు హాస్టల్ గదిలోని దుప్పట్ల దుమ్మును చూడలేదు. ఇలాంటి పిల్లల విషయంలో మూడు ప్రశ్నలకు వార్డెన్‌ను అడిగి జవాబు రాసుకునే డాక్టర్లు ఫారం నియమం తప్పినట్టే, కానీ వాళ్లకే నిజం ఎక్కువ దొరుకుతుంది.

అసలు అది దమ్మేనా

ఈ ఫారాలన్నీ ఒక మాట ముందే నమ్మి మొదలవుతాయి: ఈ మనిషికి ఉబ్బసం ఉంది అని. దేవరకొండ వైపు తండాలో కట్టెల పొయ్యి ముందు నలభై ఏళ్లు వంట చేసిన అవ్వను ఊహించండి. మెట్లెక్కితే ఆయాసం, పొద్దున దగ్గు, కఫం. ఏసీటీలో 11 వస్తుంది. పంపు మోతాదు పెంచుతారు, మూడు నెలలకు 12. ఇంకా పెంచుతారు. స్పైరోమెట్రీలో పంపు పీల్చాక కూడా గొట్టాలు పెద్దగా తెరుచుకోకపోతే, అది పొగ వల్ల వచ్చిన సీఓపీడీ (గొట్టాలు శాశ్వతంగా ఇరుకైపోయే జబ్బు) కావచ్చు. కాళ్ల వాపు ఉండి, పడుకుంటే ఆయాసం ఎక్కువైతే గుండెను చూడాలి. రక్తహీనతతోనూ గస వస్తుంది. ఆయాసం ఎందుకొచ్చినా ఏసీటీలో మార్కులు తగ్గుతాయి, ఎందుకొచ్చిందో ఏసీటీ అడగదు.

స్కోరు తక్కువగా ఉన్నప్పుడు మందు పెంచేముందు డాక్టరు చూడాల్సిన వరుస ఒకటి ఉంది. మొదట, పంపు రోజూ పీలుస్తున్నారా. రెండు, ఎదురుగా పీల్చి చూపించమంటే మందు లోపలికి పోతోందా, నోట్లోనే మిగిలిపోతోందా. మూడు, పొయ్యి పొగ, మిల్లు దుమ్ము, ఇంట్లో బీడీ ఆగాయా. నాలుగు, ముక్కు అలర్జీ, గ్యాస్ లాంటివి తోడయ్యాయా. అయిదు, రోగం పేరు సరైనదేనా. ఈ అయిదింటికీ ఏసీటీలో మార్కులు లేవు.